పడవ లేని ఓడ

ఆ అబ్బాయి దుకాణంలోకి వచ్చేసరికి తలనుంచి కాళ్ళదాకా తడిసి ముద్దయిపోయి ఉన్నాడు. చేతిలో గొడుగుంది. ఆ గొడుగు కింద మాత్రం పొడిపొడిగా, దర్జాగా, ఒక తెరచాప ఓడ బొమ్మ ఉంది.

"గొడుగు మనుషులకి పట్టుకుంటారండీ," అంది దుకాణంలో పనిచేసే చీమ అనే అమ్మాయి, చేతిలో ఉలి కింద పెట్టకుండానే.

"ఇవాళ వాన పడదని నేనే చెప్పానండీ. అందుకే చిన్న గొడుగు తెచ్చాను."

"మీరు చెబితే పడదా? మీరేమైనా మబ్బులకి మేనమామా?"

"వాతావరణ కేంద్రంలో ఉద్యోగమండీ."

చీమ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ క్షణంనుంచి అతను వానబాబు అయిపోయాడు.

చీమ పేరు వెనకా ఒక కథ ఉంది. మేనమామ ఫర్నిచర్ దుకాణంలో అందరూ మంచాలూ బీరువాలూ చేస్తుంటే, ఈవిడ మూలబల్ల దగ్గర కూర్చుని వేలెడంత కుర్చీలూ గోరంత తలుపులూ చెక్కేది. "చీమలు కాపురం పెట్టుకోడానికి తప్ప ఎందుకే ఇవి?" అని మామయ్య పెట్టిన పేరది.

"మా తాతయ్య ఓడల మీద సరంగుగా పనిచేశాడండీ," అన్నాడు వానబాబు ముక్కు తుడుచుకుంటూ. "ఆయన పుట్టినరోజుకని కిట్ కొని నేనే అతికించాను. పీపాలూ బకెట్లూ అన్నీ ప్లాస్టిక్ అని ఓడని గోడవైపు తిప్పేశాడు. వాటిని చెక్కతో చేసివ్వాలి."

చీమ ఓడని అటూ ఇటూ తిప్పి చూసింది. "అతికించింది మీరేనని చెప్పక్కర్లేదు. ఈ గది తలుపు తీసినవాడు తిన్నగా సముద్రంలో పడతాడు."

అతనికి కోపం రాలేదు. తడి జుట్టుతో చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ నవ్వు చూశాక చీమ ఉలి రెండుసార్లు పక్కకి జారింది.

అప్పట్నుంచి ప్రతి శనివారం వచ్చేవాడు. పని చూడ్డానికని చెప్పేవాడు కానీ, ఒక్క శనివారం కూడా ఓడవైపు సరిగ్గా చూసిన పాపాన పోలేదు. చీమ పీపాలు చేసింది, నిచ్చెనలు చేసింది, తలుపుని పీకి సరైన వైపు పెట్టింది. అతను భూతద్దం పట్టుకునేవాడు.

"ఊపిరి బిగపట్టండి," అంది ఒకరోజు, కందిగింజంత బకెట్టుకి పిడి తగిలిస్తూ.

బిగపట్టాడు. బిగపట్టి, బిగపట్టి, చివరికి తుమ్మాడు. బకెట్టు ఎగిరిపోయింది.

ఇద్దరూ బల్ల కిందకి దూరి రంపపు పొట్టులో వెతికారు. వెతుకుతూ వెతుకుతూ తలలు ఠంగుమని కొట్టుకున్నారు.

"ఇంకోసారి కొట్టుకోవాలండీ. లేకపోతే కొమ్ములొస్తాయి," అన్నాడు సీరియస్‌గా.

రెండోసారి మెల్లిగా, ఆనించినట్టు తగిలింది. బకెట్టు అతని చొక్కా జేబు అంచున వేలాడుతోంది. చీమ వెంటనే చూసింది. చెప్పడానికి మాత్రం చాలా సేపు పట్టింది.

మిగతా వారమంతా ఆమెకి శనివారం కోసం ఎదురుచూడటమే పని. గుమ్మంలో ఎవరి చెప్పుల చప్పుడైనా తల ఎత్తేది. మబ్బు పడితే చాలు, ఇతను ఎక్కడ తడుస్తున్నాడో అనుకునేది. ఓడ మీద ఒక్కో వస్తువూ అమరుతున్నకొద్దీ గుండె బరువెక్కేది. ఓడ పూర్తయితే ఇతనింకెందుకు వస్తాడు?

చివరికి మిగిలింది పడవ. పెద్ద ఓడ నడుమన రెండు దిమ్మెల మీద బోర్లించి ఉంచే చిన్న పడవ. అన్నిటికన్నా అందంగా చెక్కింది దాన్ని. చెక్కి, సొరుగులో దాచేసింది.

"అయిపోయింది, తీసుకెళ్ళండి," అంది.

"అంతా అయిపోయిందా?" మెల్లిగా అడిగాడు.

"అంతా."

ఖాళీ దిమ్మెలు కళ్ళున్నవాడికెవడికైనా కనిపిస్తాయి. పడవ ఏదని పరిగెత్తుకొస్తాడు. అప్పుడు మనసులో మాట చెప్పేయాలని చీమ ఆశ.

మరుసటి శనివారం అతను రాలేదు. తర్వాతి శనివారం వచ్చాడు.

"మీరు పడవ మర్చిపోయారండీ," అన్నాడు నవ్వడానికి ప్రయత్నిస్తూ. "మళ్ళీ మిమ్మల్ని ఇబ్బంది పెట్టడమెందుకని, కిట్‌లోని ప్లాస్టిక్ పడవే అతికించేశాను."

చీమ సొరుగువైపు చూసింది. ప్లాస్టిక్ పడవ!

"ఇంకో సంగతి. నాకు కొండమీది కేంద్రానికి బదిలీ అయింది. సోమవారం వెళ్తున్నాను."

"మంచిది," అంది చీమ, చేతికందిన పెద్ద కుర్చీకాలు గబగబా చిత్రిక పడుతూ. "అక్కడైనా వానలు సరిగ్గా చెప్పండి."

అతను గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. గొడుగు ఒకసారి తెరిచి, మూసి, వెళ్ళిపోయాడు. చీమ చిత్రిక పడుతూనే ఉంది. కాస్త తేరుకుని చూస్తే కుర్చీకాలు కాస్తా పుల్లయిపోయింది.

మామయ్య ఆ పుల్లని తీసి చూశాడు. "ఇంత గట్టి చెక్కని లొంగదీశావు. ఒక్క మాటని లొంగదీయలేకపోయావా?" అన్నాడు. చీమ ఏడ్చేసింది.

ఆదివారం సాయంత్రం కుండపోత. దుకాణం మూయబోతుంటే గుమ్మంలో గొడుగు కనిపించింది. గొడుగు కింద పొడిగా ఓడ, బయట తడుస్తూ వానబాబు. దిమ్మెల మీద ప్లాస్టిక్ పడవ లేదు. పీకేసిన మచ్చ ఉంది.

"తాతయ్య నన్ను ఇంట్లోంచి తరిమేశాడండీ!"

"ఎందుకు?"

"'ఒరేయ్, బకెట్టుకి కూడా పిడి పెట్టిన పిల్ల పడవ మర్చిపోతుందిరా? పెద్ద ఓడ ఒడ్డుదాకా రాలేదు. మనిషి దిగి రావాలంటే పడవే దిక్కు. ఆ పడవని తన దగ్గరే ఉంచుకుందంటే నిన్ను రమ్మనే కదరా, మట్టిబుర్రా!' అన్నాడు." అతను ముఖం మీది నీళ్ళు తుడుచుకున్నాడు. "నిజమేనాండీ?"

"మీకేమనిపించింది?"

"మీరు అంతా అయిపోయిందన్నారు కదా. నా పీడ విరగడైతే చాలనుకున్నారేమో అనిపించింది. నేను రాని ఆ శనివారం కూడా వీధి చివరిదాకా వచ్చి వెనక్కి పోయాను." జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. వేళ్ళకి నాలుగైదు ప్లాస్టర్లున్నాయి. "పొద్దున్నుంచీ కూర్చుని చెక్కాను. పడవకి తెడ్లు."

చీమ పొట్లం విప్పింది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. రెండూ వంకరే.

"ఇవేం తెడ్లండీ! వీటితో పులుసు కలుపుకోవచ్చు," అంది. కళ్ళలో నీళ్ళు మాత్రం ఆగలేదు.

సొరుగు లాగి పడవ బయటికి తీసింది. ఆ వంకర తెడ్లని అందులో పెట్టింది. అవి బయటికి పొడుచుకొచ్చాయి. అయినా తియ్యలేదు.

"మీరంటే నాకు చాలా ఇష్టం," అన్నాడు వానబాబు. "బదిలీ మాత్రం ఆగదండీ."

"ఆ కొండమీద చెక్క దొరుకుతుందా?"

"చుట్టూ అడవే!"

"అయితే నా ఉలికి పని ఉంటుంది," అంది చీమ.

అతను చెయ్యి చాచాడు. "పడవ ఇవ్వండి, తాతయ్యకి చూపిస్తాను."

"మీ చేతికివ్వను. ప్లాస్టిక్ అతికించిన చెయ్యది. పొద్దున్నే నేనే తెచ్చి పెడతాను."

బీరువా వెనకనుంచి మామయ్య దగ్గు వినిపించింది. "నేనూ వస్తానే. సరంగుగారితో కాస్త పెళ్ళిమాటలు మాట్లాడాలి."

వానబాబు ముఖం వెలిగిపోయింది. "తప్పకుండా రండి! రేపు ఎండే. చినుకు కూడా పడదు."

"అయితే పెద్ద గొడుగు తెస్తాను," అంది చీమ.