చివరి స్టాపు అవతల

ట్రంపెట్ మొదటి కూతకే చెట్ల మీది కొంగలన్నీ లేచిపోయాయి. రెండో కూతకి ఆమె వచ్చింది.

"హలో! ఎవరికండీ ఊదుతున్నారు ఆ బాకా?"

అతను ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. కాలిబాట మలుపులో ఒక అమ్మాయి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. బూట్లకు బురద, జడలో ఎండుటాకు. కళ్లు మాత్రం నిప్పులు కురిపిస్తున్నాయి.

"ఎవరికీ కాదండీ. ప్రాక్టీసు."

"చెట్లకి బాకా ఊదితే ప్రమోషన్లు రావు. ఇంట్లో ఊదుకోవచ్చుగా?"

"ఇంట్లో ఊదితే పక్క ఫ్లాట్ ఆయన గోడ బాదుతాడు. కింద ఫ్లాట్ ఆవిడ చీపురుకర్రతో కప్పు పొడుస్తుంది. ఇక్కడైతే ఎవరూ ఉండరని..."

"నేనున్నాను! వారమంతా హారన్లు విని చెవులు చిల్లులు పడితే, సెలవు రోజున ఇక్కడికొస్తాను. మీరు ఇంకో హారన్ పట్టుకొచ్చారు."

"హారన్ కాదండీ, ట్రంపెట్" అన్నాడతను నొచ్చుకుని. "ఇంతకీ వారమంతా హారన్లు వినే ఉద్యోగమేంటి?"

"సిటీ బస్సు నడుపుతాను." ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గడ్డం కాస్త పైకి లేచింది. "ఈ బాట మొదట్లో ఉందే, అదే మా రూటుకి చివరి స్టాపు. కొండ మలుపుల రూటు. ఎవరూ వద్దంటే నేను అడిగి మరీ వేయించుకున్నా. మీరేం చేస్తారు?"

"స్కూల్లో పిల్లలకి సంగీతం చెప్తాను."

"పాపం పిల్లలు" అంది ఆమె. అని, నవ్వు ఆపుకోలేకపోయింది.

ఆ నవ్వుతోనే సంధి కుదిరింది. చెరువు దాకా అతను ట్రంపెట్ పెట్టెలోంచి తియ్యకూడదు. చెరువు దాటి పాత రాళ్ల క్వారీ దగ్గరికి వెళ్లాక ఎంతసేపు ఊదుకున్నా ఆమె అడగదు.

అలా మొదలైంది. సెలవు వచ్చిందంటే చాలు, ఇద్దరూ ఆ బాట మీద ఉండేవారు. కొండకి అవతలి పక్క నగరం మొత్తం రొద పెడుతూ ఉంటే, ఇవతల తుంగ మీద తూనీగ వాలిన చప్పుడు కూడా వినిపిస్తుందేమో అన్నంత నిశ్శబ్దం. మొదట్లో అతనికి అది భరించడమే కష్టమయ్యేది. ఏదో ఒకటి మాట్లాడేవాడు.

"ష్! బాకాగారూ, కాసేపు నోటికి తాళం."

"ఏముందని వినడానికి?"

"కళ్లు మూసుకోండి. ఆ టకటక ఎవరిది?"

"వడ్రంగి పిట్టదా?"

"ఆ. ఇప్పుడు దాని వెనక ఇంకోటి, మెల్లగా."

అతను విన్నాడు. ఆకుల మీద సన్నగా, అక్కడక్కడా చుక్కలు. వాన వస్తోంది. చెట్టు కింద ఇద్దరికీ ఒకే గొడుగు. గొడుగు ఆమెది కాబట్టి భుజం తడిసింది అతనిది.

"ఇటు జరగొచ్చు. నా బస్సులో ఇంతకన్నా ఇరుగ్గా నిలబడతారు జనం" అంది ఆమె.

అతను జరిగాడు. ఆ రోజు క్వారీ దాకా వెళ్లలేదు, ట్రంపెట్ పెట్టె తెరవలేదు. అయినా జీవితంలో అంత మంచి ప్రాక్టీసు ఎప్పుడూ చెయ్యలేదనిపించింది అతనికి.

వానలు ముదిరేసరికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. చిక్కంతా ఆ తర్వాతే వచ్చింది.

చెరువు గట్టు మీద ఇద్దరూ కూర్చుని ఉండగా అతని తల్లి ఫోన్ చేసింది. ఆవిడ హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. మాట అంటే మాటే.

"ప్రతి సెలవుకీ మాయమైపోతున్నావు. నువ్వు చెప్పిన ఆ అమ్మాయితోనేనా? ఏం చేస్తుందిరా?"

అతను ఒక్క క్షణం తడబడ్డాడు. "రవాణా సంస్థలోనమ్మా... ఆఫీసు పని లాంటిది."

ఫోన్ పెట్టేసేసరికి ఆమె లేచి నిలబడి ఉంది.

"ఆఫీసు పనా? నా ఆఫీసుకి ఆరు చక్రాలున్నాయి. మరిచిపోయావా?"

"అది కాదు, అమ్మ కాస్త..."

"మీ అమ్మ సంగతి నాకు తెలీదు. నీ గొంతు సంగతి తెలిసింది. అంతలా తగ్గిపోయింది." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి కానీ మాట వణకలేదు. "మా నాన్న డిపోలో మెకానిక్. నేను మొదటిసారి బస్సు తీసిన రోజు, పని ఆపి గేటు దాకా వచ్చి చేతులెత్తి చప్పట్లు కొట్టాడు. నేను ఆ గర్వంలో పెరిగినదాన్ని. నన్ను దాచిపెట్టుకునేవాడు నాకొద్దు."

బాట మీద ఆమె అడుగులు చెరువు వంపు దాకా వినిపించాయి. తర్వాత ఏమీ వినిపించలేదు.

మరుసటి సెలవుకి ఆమె రాలేదు. ఆ పై సెలవుకీ రాలేదు. అతనొక్కడే చెరువు దాకా వెళ్లి, ట్రంపెట్ తియ్యబుద్ధి కాక తిరిగొచ్చేవాడు. చివరికి ఒక సాయంత్రం తల్లి ముందు కూర్చున్నాడు.

"అమ్మా, అబద్ధం చెప్పాను. ఆ అమ్మాయిది ఆఫీసు పని కాదు. బస్సు డ్రైవరు."

తల్లి కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. "నేనేమంటాననుకున్నావు?"

"ఏమో. పరువనీ..."

"నా పరువు సంగతి నేను చూసుకుంటాలే. సిగ్గుపడింది నేనా, నువ్వా? సరిగ్గా చెప్పు."

అతను తల దించుకున్నాడు. "నేనేనమ్మా."

"ఆ ఒక్క ముక్కా ఒప్పుకున్నావు, బతికిపోయావు. రేపు ఆ బస్సెక్కుదాం. నేనూ చూడాలి ఆ పిల్లని."

మర్నాడు వాన దంచికొడుతోంది. ఇద్దరూ వెనక తలుపు నుంచి ఎక్కారు. ముందు అద్దంలో ఆమె అతన్ని చూసింది. చూపు వెంటనే రోడ్డు మీదికి మళ్లింది.

కొండ సగం ఎక్కాక మలుపులో బస్సు ఆగింది. ఎదురుగా నిండు లోడుతో లారీ. పక్కన చెట్టు విరిగిపడి సగం రోడ్డు మూసేసింది. లారీ వెనక్కి పోలేదు. పోవాలంటే బస్సే పోవాలి, ఆ వానలో, ఆ వంపులో.

"ఆడపిల్లకిచ్చారు స్టీరింగు. ఇవాళ ఇల్లు చేరినట్టే!" అన్నాడు ముందు సీటాయన, అందరికీ వినపడేలా.

అతను లేచి నిలబడ్డాడు. గుండె ట్రంపెట్ కన్నా గట్టిగా మోగుతోంది.

"చూడండి సార్! ఈ రూటు ఎవరూ వద్దంటే అడిగి తీసుకున్న డ్రైవరు ఆవిడ. నేను పెళ్లి చేసుకోవాలనుకుంటున్న అమ్మాయి కూడా. ఆ మాట చెప్పుకోవడానికి నాకెంత గర్వంగా ఉందో మీకు తెలీదు!"

బస్సంతా అతని వైపు తిరిగింది.

ఆమె వెనక్కి తిరగలేదు. "బస్సు వెనక్కి తీసేటప్పుడు అద్దానికి అడ్డం నిలబడకూడదు. కూర్చోండి" అంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

తర్వాత తల కిటికీలోంచి బయటికి పెట్టి, వాన ముఖం మీద కొడుతుంటే, బస్సుని అంగుళం అంగుళం వెనక్కి దించింది. ఒక్క కుదుపు లేదు. రోడ్డు వెడల్పైన చోట పక్కకి ఒదిగి ఆపింది. లారీ డ్రైవరు దాటుతూ చెయ్యెత్తి సెల్యూట్ కొట్టాడు. ముందు సీటాయన దగ్గి, తనే మొదట చప్పట్లు కొట్టాడు.

చివరి స్టాపులో అందరూ దిగాక ముగ్గురే మిగిలారు. వాన వెలిసింది. బాట మీద ఆకుల్లోంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి.

"మళ్లీ బయల్దేరడానికి టైముందా అమ్మాయ్? వీడు వారం వారం చూసేదేంటో నాకూ చూపించు" అంది తల్లి.

ముగ్గురూ నడిచారు. జారుడుగా ఉన్న చోట ఆమె పెద్దావిడ చెయ్యి పట్టుకుంది. నేల సమంగా ఉన్న చోటికి వచ్చాక కూడా పెద్దావిడ ఆ చెయ్యి వదల్లేదు.

"మీ నాన్నగారు ఇంట్లో ఎప్పుడుంటారమ్మా?"

"ఆదివారం ఉంటారండీ. కానీ..." ఆమె అతని వైపు చూసింది. "ఈయన బస్సుకి చెప్పాడు, ముందు సీటాయనకి చెప్పాడు. నన్ను మాత్రం అడగలేదు."

తల్లి నవ్వి, లకుముకి పిట్ట ఏదో కనిపించినట్టు ముందుకి నడిచిపోయింది.

"తప్పు నాదే. ఇంకెప్పుడూ గొంతు తగ్గదు. నన్ను చేసుకుంటావా?" అన్నాడతను.

"మా నాన్న అడుగుతాడు, అబ్బాయి ఏం చేస్తాడని."

"ఏం చెప్తావు?"

"ఆఫీసు పని లాంటిదని చెప్పను, భయపడకు" అంది. ఆ తర్వాత గొంతు మెత్తబడింది. "పిల్లలకి సంగీతం చెప్తాడు, చేసిన తప్పు నలుగురిలో దిద్దుకున్నాడు అని చెప్తా. గర్వంగానే చెప్తా."

తిరుగు ప్రయాణంలో బస్సు నిండిపోయింది. తల్లి పట్టుబట్టి డ్రైవరు వెనక సీట్లోనే కూర్చుంది. పక్కన ఎవరో సంచులతో ఎక్కిన ముసలావిడ. మొదటి మలుపు తిరిగిందో లేదో, తల్లి ఆవిడ మోచేతిని మెల్లగా తట్టింది.

"బస్సు నడుపుతోందే, మా కోడలు."

"ఇంకా అడగడానికే వెళ్లలేదమ్మా వాళ్లింటికి" అని గొణిగాడు కొడుకు.

"నువ్వూరుకో. నన్ను చెప్పుకోనీ" అంది తల్లి.