కర్చీఫులో దాచిన రొట్టె

అందరూ లేచారు. శ్రీవిద్య కూడా గబుక్కున లేచింది. ఆమె సర్దుకుని నిలబడేలోపే అందరూ మోకాళ్ల మీదికి వంగారు. చర్చి మొత్తానికి నిటారుగా మిగిలింది తనొక్కతే. సిగ్గుతో చచ్చిపోయి ధబ్బున కూలబడింది.

నిజానికి ఈ తిప్పలు పడాల్సిన పనే లేదు. పొద్దున గేటు దగ్గరే ఆమె నేస్తం జ్ఞానమణి చెప్పింది, మా చిన్నమ్మ పక్కన కూర్చో, ఏం చేయాలో ఆమెను అడుగు అని. శ్రీవిద్య వింటేనా? కర్నూలు బట్టల కొట్టు నాగసుబ్బయ్య కూతురు, ఆరో తరగతిలో ఫస్టు ర్యాంకు. "తెలీదు" అనే మాటకు మాత్రం ఆ పిల్లకు నోరు తిరగదు.

"గుడికి పోవడం నాకు కొత్తనా? నాకంతా తెలుసులే," అని మధ్య వరసలో వేరుగా కూర్చుంది.

ఆ రోజు జ్ఞానమణి మొదటిసారి అందరి ముందు బైబిలు పాఠం చదవాలి. నెల రోజులుగా బడిలో, మధ్యాహ్నం అన్నం డబ్బాల ముందు, శ్రీవిద్యకు చదివి వినిపిస్తూనే ఉంది. నువ్వు ఎదురుగా ఉంటే భయం ఉండదని బతిమాలి పిలిచింది. ఒక్క తప్పూ లేకుండా చదివింది కూడా. శ్రీవిద్య చప్పట్లు కొట్టబోయి, ఎవరూ కొట్టడం లేదని చూసి చేతులు ఒళ్లో దాచుకుంది.

కాసేపటికి ముందు వరసల వాళ్లు లేచి బలిపీఠం వైపు కదిలారు. పక్కావిడ లేచింది. శ్రీవిద్య కూడా లేచి వెంట నడిచింది. అక్కడ అందరూ మోకరించి చేతులు చాపారు. హమ్మయ్య, ఇది తెలుసు. తీర్థానికి పట్టినట్టే ఎడమచేతి మీద కుడిచేయి పెట్టి పట్టింది.

రొట్టె పంచుతున్నది ఆ చర్చి పాస్టరు ప్రకాశం అయ్యగారు. పిల్లేమో వయసుకు మించిన పొడుగు, పైగా తల మీద చున్నీ. ఆయన ముఖం చూడలేదు. కాగితమంత పలచటి చిన్న రొట్టె అరచేతిలో పెట్టి ముందుకు సాగిపోయారు.

అందరూ అక్కడే నోట్లో వేసుకున్నారు. శ్రీవిద్యకు మాత్రం ఇంట్లో అవ్వ గుర్తొచ్చింది. కాలు విరిగి మంచం మీదుంది. ఎవరు గుడికి పోయొచ్చినా ముందు ప్రసాదానికి చేయి చాపుతుంది. శ్రీవిద్య రొట్టెను కర్చీఫులో మడిచి, ద్రాక్షారసం గిన్నె తన దాకా రాకముందే లేచి వచ్చేసింది.

తన చోట కూర్చున్నాక చూసింది. అయ్యగారు మిగిలిన రొట్టెలన్నీ తినేశారు. పళ్లెంలోని పొడిని వేలితో గిన్నెలోకి రాల్చారు. నీళ్లు పోసి కడిగి, ఆ నీళ్లు కూడా తాగేశారు. ఒక్క రవ్వ మిగల్చలేదు.

శ్రీవిద్య కర్చీఫును పిడికిట్లో దాచుకుంది. రవ్వ కూడా పోనివ్వని దాన్ని తను మూట కట్టుకుంది. తెలిస్తే ఊరుకుంటారా? ఈ పిల్లను పిలిచింది ఎవరని అడుగుతారు. జ్ఞానమణి పేరు బయటికొస్తుంది. ఇంకోసారి ఆమెను చదవనిస్తారా?

ఆరాధన ముగిసింది. పెద్ద వాకిలి దగ్గర అయ్యగారు ఒక్కొక్కరినీ పలకరిస్తున్నారు. శ్రీవిద్య పక్క వాకిలి గుండా జారుకుంది. ఒక చెప్పు వేసుకుంది. రెండోది వేసుకోబోతుంటే లోపల జ్ఞానమణి కనిపించింది. అందరూ మెచ్చుకుంటున్నా ఆ పిల్ల ఎవరి మాటా వినడం లేదు. వరస వరసా వెతుకుతోంది, తన కోసమే.

అంతే, శ్రీవిద్యకు కాలు కదల్లేదు. చెప్పు విప్పేసి లోపలికి నడిచింది. అయ్యగారి ముందు కర్చీఫు చాపింది.

"నాకు తెలీదు అయ్యగారూ," అంది. "జ్ఞానమణి అడగమనింది. నేనే అడగలేదు."

ఆయన కర్చీఫు విప్పి, రొట్టె తీసి అక్కడే తిన్నారు. గుడ్డలో పొడి ఏమైనా ఉందేమోనని వెతికారు.

"ఎవరి కోసం తీసుకుపోతాండావు తల్లీ?"

కాలు విరిగిన అవ్వ సంగతి చెప్పింది.

"ఇది ఈడనే తినేది. అదీ దేవుని ముందు మాట ఇచ్చి, మా సంఘంలో చేరినోళ్లకే. నేనూ చూసుకోకుండా ఇచ్చినాను, తప్పు నాదీ ఉండాది. మీ అవ్వ పేరేమి?"

"రామేశ్వరమ్మ."

"వచ్చే ఆదివారం ప్రార్థనలో ఆమె పేరు చదువుతామని చెప్పు. వట్టి చేతుల్తో పోవడం లేదులే నువ్వు."

వెనక నుంచి జ్ఞానమణి వచ్చి చేయి పట్టుకుంది. అప్పుడు గాని శ్రీవిద్యకు ఏడుపు రాలేదు.

దసరా వచ్చింది. శ్రీవిద్య వాళ్లింట్లో బొమ్మల కొలువు. పట్టు పావడాల సందడిలో జ్ఞానమణి గడప బయటే నిలబడిపోయింది. లోపలికి రావాలో వద్దో తెలియక చున్నీ కొస నలుపుతోంది. ఆ బిత్తర చూపు ఏమిటో శ్రీవిద్యకు బాగా తెలుసు. పరుగున వెళ్లింది.

"ఈడ ఏం చెయ్యాల్నో నేను చెప్తా. మీకు ఏది కుదరదో నాకు తెలీదు. నువ్వు చెప్పు," అంది.

జ్ఞానమణి కాస్త తటపటాయించింది. బొమ్మలు చూస్తానని, దేవుని ముందు పెట్టినవి మాత్రం తమ ఇంట్లో తినరని మెల్లగా చెప్పింది.

శ్రీవిద్య వంటింట్లోకి ఉరికింది. వాళ్లమ్మ శనగ గుగ్గిళ్ల గిన్నె ఎత్తి నైవేద్యానికి కొలువు దగ్గరికి తీసుకుపోబోతోంది.

"కొంచెం ఆగమ్మా," అని, ముందుగా ఒక కప్పు నిండా గుగ్గిళ్లు తీసి పక్కన పెట్టింది.