మెట్టెలకు పూర్తి బిల్లు

"బిల్లు ఇస్తారా, చీటీ ఇస్తారా?"

అతను అడిగింది అంతే. శివజ్యోతి చేతిలోని వెండి పట్టీలు జారి గాజు బల్ల మీద గల్లుమన్నాయి.

ప్రొద్దుటూరు అంగళ్ల వీధిలో ఆ మాట కొనేవాళ్లు అడగరు. అమ్మేవాళ్లే గొంతు తగ్గించి అడుగుతారు. ఆమె నాయన ఓబుళేశు కూడా అంతే. బిల్లు రాస్తే వందకు మూడు రూపాయలు పన్ను పడుతుంది, చీటీ అయితే ఆ మూడూ మీకే మిగులుతాయి అంటాడు. పంట అమ్ముకుని వచ్చినవాళ్లు చీటీయే చాలంటారు. బేరం కుదిరిపోతుంది.

మొన్ననే వీధి చివరి అంగడికి పన్నుల ఆఫీసువాళ్లు జీపులో వచ్చారు. షట్టరు దించి, దాని మీద కాగితం అంటించి పోయారు. అప్పటి నుంచి జీపు శబ్దం వింటే చాలు, శివజ్యోతి చేయి చీటీల సొరుగు మీదికి పోతోంది.

"బిల్లే ఇస్తాం సార్."

"అట్ల అదిరిపడతారేంది? నేనేమన్నా దొంగనా?"

"దొంగలు ఇన్ని ప్రశ్నలు అడగర్లేప్పా" అంది మూలన వక్కలు కత్తిరిస్తున్న ఆమె జేజి, నాయనమ్మ గురమ్మ.

అతను నవ్వాడు. నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట పడింది. ఆ భయంలో కూడా శివజ్యోతి దాన్ని చూసింది.

"పాత వెండి ఇచ్చి కొత్తది తీసుకుంటే పన్ను ఎట్ల? పైన కట్టే డబ్బుకేనా?"

"కాదు సార్. కొత్త వస్తువు మొత్తం ధర మీద. మజూరీ కూడా కలిపి."

"ఓహో. మళ్లా వస్తా."

ఏమీ కొనకుండానే వెళ్లిపోయాడు.

మళ్లీ వచ్చిన రోజు వాన పడింది. ఆ ఊరికి వాన అంటే చుట్టం వచ్చినట్టే. అందరూ వీధిలోకి వచ్చి చూస్తున్నారు. అతను మాత్రం తడిసిన తలతో అంగట్లోకి వచ్చి, మెట్టెల ధర అడిగి, పన్ను లెక్క మళ్లీ మొదటి నుంచి చెప్పించుకున్నాడు.

"నిన్ననే కదా చెప్పినా? మతిమరుపా?"

"మీరు చెప్తే మళ్లా వినాలనిపిస్తాంది."

ఆమె చెంపలు వేడెక్కాయి. అంతలో అతను రుమాలు తీస్తుంటే జేబులోంచి ఐడీ కార్డు జారి బల్ల మీద పడింది. వీరభద్ర. వాణిజ్య పన్నుల శాఖ. చెంపల వేడి ఒక్కసారిగా చల్లారిపోయింది.

అతను వాన వెలిసి వెళ్లగానే ఆమె సొరుగులోని చీటీల కట్టలన్నీ తీసి జేజి ఆకువక్కల సంచిలో కుక్కింది.

"ఏంది మే ఇది? నా ఆకులు యాడ పెట్టుకోవల్ల?"

"జేజీ, నీకు దండం పెడతా. ఊరుకో."

నాయనకు చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే భయపడి అంగడి మూసేస్తాడు. మూసిన అంగడిని చూస్తే వాళ్లకు అనుమానం ఇంకా పెరుగుతుంది. ఆ బుగ్గ సొట్ట, ఆ నవ్వు, అంతా వల వేయడానికేనా? ఆ ఆలోచన ఆమెను రైడ్ కంటే ఎక్కువ భయపెట్టింది.

ఆదివారం ఓబుళేశు కూడా అంగట్లోనే ఉన్నాడు. వీరభద్ర వచ్చి చిన్న గుడ్డమూట విప్పాడు. అందులో పసిపిల్లవాడి నడుముకు సరిపోయే వెండి మొలతాడు ఉంది.

"నా చిన్నప్పటిది. ఇది తీసుకుని ఒక జత మెట్టెలు ఇయ్యండి."

ఓబుళేశు దాన్ని తూకం వేసి, సంతోషంగా అన్నాడు. "బిల్లు ఎందుకప్పా? చీటీ రాసిస్తా. వందకు మూడు నీకే మిగుల్తాది."

"వద్దు నాయినా!"

శివజ్యోతి అరిచిన అరుపుకు ఎదురంగడివాళ్లు కూడా ఇటు తిరిగారు. "ఆయన... ఆయన ట్యాక్స్ ఆఫీసు మనిషి."

ఓబుళేశు చేతిలో కలం ఆగిపోయింది. జేజి సంచిని చీరకొంగు కిందికి లాక్కుంది.

వీరభద్ర ముఖం కూడా తెల్లబోయింది. "ఔ. కానీ ఈడికి ఆఫీసు పని మీద రాలేదు. మొదటి రోజు మా చెల్లెలికి పట్టీలు చూద్దామని వచ్చి, ఉద్యోగం అలవాటుతో బిల్లు మాట అడిగినా. తర్వాత ఈ అమ్మితో మాట్లాడేదానికి పన్ను తప్ప ఇంకో మాట దొరకలేదు."

"మరి ఆ మెట్టెలు ఎవరికి?" జేజి అడిగింది.

అతను శివజ్యోతి వైపు చూసి, తల దించుకున్నాడు.

"పెండ్లి కాని పిల్ల మెట్టెలు పెట్టకూడదు నాయినా" అంది జేజి.

"అందుకే జేజీ అడగతాండా, పెండ్లి చేసుకుంటా అని. కానీ ఒకటి. నేను ఏదీ దాచిపెట్టలేను. రేపు మా సారు నన్నే ఈ అంగడికి పొమ్మంటే? నాకూ రాత్రుళ్లు నిద్ర పట్టడం ల్యా."

అప్పుడు శివజ్యోతికి తెలిసింది, భయపడింది తానొక్కతే కాదని. ఆమె జేజి కొంగు కింది నుంచి సంచి లాగి నాయన ముందు పెట్టింది.

"వాళ్లు రాకముందే మనమే పోయి కడదాం నాయినా. జీపు వచ్చినప్పుడల్లా చచ్చి బతకడం నావల్ల కాదు."

ఓబుళేశు చీటీల కట్టలు ఒక్కొక్కటిగా బయటికి తీసి పెట్టాడు. చివరికి, "బిల్లు రాయమ్మా" అన్నాడు.

ఆమె రాసింది. వెండి ధర, మజూరీ, మొత్తం మీద మూడు శాతం. అతను డబ్బు కట్టాడు. ఆమె మెట్టెలు మాత్రం ఇవ్వలేదు.

"పాత పన్నంతా కట్టినాకనే వీటికి నా వేలు" అంది. "అంతవరకు ఈడనే ఉంటాయి."

ఓబుళేశు కడప పన్నుల ఆఫీసుకు పోయి, వడ్డీతో, జరిమానాతో అంతా కట్టాడు. కొత్త అంగడికని దాచిన డబ్బు దానికే సరిపోయింది. చీటీలు ఆగిపోయాక బేరాలు కూడా పలచబడ్డాయి. వీరభద్ర ఈ పెండ్లి మాట ఆఫీసులో చెప్పి, ఆదోనికి బదిలీ చేయించుకున్నాడు. మొదట్లో రోజూ ఫోన్ చేసేవాడు. తర్వాత పని ఎక్కువని తగ్గించాడు. ఒక వారమైతే అసలు చేయలేదు. శివజ్యోతి గాజు పెట్టెలోని మెట్టెలను తుడుస్తూ ఉండేది. వెండి ధర ఎక్కుతూనే ఉంది. ఆమె దిగులు కూడా.

ఒక సాయంత్రం వీధిలో జీపు ఆగిన శబ్దం. అలవాటు కొద్దీ ఆమె చేయి సొరుగు మీదికి పోయింది. ఓబుళేశు కుర్చీలోంచి లేచాడు.

జీపులోంచి ముందు పూలు, పండ్ల పళ్లేలతో ఆడవాళ్లు దిగారు. వెనక వీరభద్ర దిగాడు.

"ఫోన్ ఎందుకు చేయలేదు?" ఆమె గడప దాకా వచ్చి అడిగింది.

"మావాళ్లను ఒప్పించినాకనే చేద్దామని. ఆలస్యమైంది."

"మెట్టెల ధర ఇప్పుడు శానా పెరిగిందప్పా" అన్నాడు ఓబుళేశు, నవ్వు దాచుకుంటూ.

"పన్నుతో సహా అప్పుడే కట్టినా మామా. బిల్లు ఉండాది."

జేజి సంచి విప్పింది. ఈసారి అందులో ఆకులూ వక్కలే ఉన్నాయి. అందరికీ పంచింది.