హాల్డోరా ఆఖరి ఉత్తరం

నవలలు రాసిన హాల్డోరాకూ, వాటిని అచ్చేసిన స్టెఫాన్‌కూ మధ్య నడిచిన ఉత్తరాలు పుస్తకంగా రాబోతున్నాయి. గిమ్లీ ఊళ్ళో, సరస్సు ఒడ్డున, హాల్డోరా నవలలు రాసుకున్న చెక్క ఇంట్లోనే కూర్చుని ప్రూఫులు దిద్దుతోంది స్టెఫాన్ కూతురు గుడ్రున్. ఎదురుగా హాల్డోరా మేనకోడలు రాగ్న. సాయంత్రం కాకుండానే చీకటి పడింది. గాలికి మంచు వచ్చి కిటికీని కొడుతోంది. ఇల్లంతా కాఫీ వాసన, కట్టెల పొగ వాసన.

"ఈ ఒక్కటీ వద్దు," అని గుడ్రున్ ఒక ఉత్తరాన్ని పెన్సిల్‌తో అడ్డంగా కొట్టేసింది.

'నవల ముగిసేదాకా నేను ఇల్లు కదలకూడదని బయట తాళం వేసి పోయావు స్టెఫాన్. కట్టెలు అయిపోయాక తలుపు గోళ్ళతో గీరుతూ ఎంత అరిచినా ఎవరూ రాలేదు.' ఆసుపత్రి నుంచి ఆ మాట రాసిన వారానికే హాల్డోరా పోయింది.

"అది తీసేస్తే ఇంకీ పుస్తకం దేనికే? పొయ్యిలో పెట్టు," అంది రాగ్న.

"మా నాన్న రేపో మాపో అన్నట్టున్నాడే. ఆయన పరువు నా చేత్తో తీయమంటావా?"

"తీసుకున్నది ఆయనే!" రాగ్న విసురుగా లేచి కట్టెల కోసం బయటికెళ్ళింది.

పాపం, తండ్రంటే గుడ్రున్‌కి ప్రాణం. కళ్ళు తుడుచుకుని కాగితం చూసింది. కొట్టేసిన ప్రతి వరస కిందా చుక్కలు. కొట్టేసిన మాటల్ని తీయకుండా మళ్ళీ ఉంచమనడానికి ప్రూఫుల్లో పెట్టే చుక్కలు.

"రాగ్నా... ఇవి నువ్వు పెట్టావా?"

"ఏవే?" గొంతు కట్టెల పాక వైపునుంచి వినిపించింది.

గుడ్రున్ ఆ చుక్కల్ని రబ్బరుతో చెరిపేసింది. ఇంకా గట్టిగా కొట్టేసింది. పొయ్యి మండుతూనే ఉంది... గది మాత్రం చల్లబడింది. తడిసిన ఉన్ని వాసన. చూస్తుండగానే, ఒక్కొక్కటిగా... మళ్ళీ చుక్కలు.

ఫోను మోగింది. విన్నిపెగ్‌లో, తండ్రి ఉంటున్న వృద్ధాశ్రమం నర్సు.

"మీ నాన్నగారు తలుపు తీయమని ఒకటే ఏడుపమ్మా."

"తీయండి మరి!"

"తీసే ఉందమ్మా..."

గుడ్రున్ మళ్ళీ రబ్బరు అందుకుంది. గబగబా తన గీతలన్నీ చెరిపేసింది. "ఉంచుతాను... అంతా ఉంచుతాను హాల్డోరా అత్తా... ఆయన్ని వదిలెయ్," అని గొణిగింది.

ఫోన్లో ఏడుపు ఆగింది.

"హమ్మయ్య, ఊరుకున్నారు," అంది నర్సు. తర్వాత గొంతు తగ్గించింది.

"అమ్మా... ఈయన గోళ్ళ నిండా చెక్క పేళ్ళు. రక్తం కారుతోంది. ఈ గదిలో తలుపు కూడా ఇనుపదేనమ్మా... ఇవెక్కడివి?"