రెండో స్తంభం దగ్గర పగులు

"వంతెన కూలాలి. కింద మనిషి చావాలి. చూసినవాళ్లు ప్రమాదమనుకోవాలి. ఇదీ వాళ్ల ప్లాన్," అన్నాడు చీఫ్.

డ్రైక్లీనింగ్ షాపు వెనక గది అది. ఇస్త్రీ ఆవిరికి మసకబారిన కళ్లద్దాలను చొక్కా అంచుతో తుడుచుకుంటూ ఏజెంట్ ఉడత వింటున్నాడు.

చీఫ్ బల్ల మీద రెండు టీ గ్లాసులు పెట్టి, వాటి మీద అడ్డంగా స్కేలు పెట్టాడు. "జలసంధి మీద కట్టబోయే వంతెనకి నమూనా తయారైంది. రెండంతస్తుల ఎత్తు. ఇలాంటి స్తంభాలు నాలుగు. ఒక్కోదాని కింద, భూకంపంలా ఊపే ఒక్కో షేక్ టేబుల్."

"నాలుగెందుకు సార్? ఒకటే పెద్దది పెట్టి ఊపేస్తే పోలా?"

"అసలు భూకంపంలో నాలుగు స్తంభాలూ ఒకేలా ఊగవు. అల ఒకదాన్ని ముందు తాకుతుంది, ఇంకోదాన్ని తర్వాత. నేల మెత్తగా ఉన్నచోట ఊపు ఎక్కువ. ఆ తేడాలన్నీ లెక్కగట్టి, ఏ టేబుల్ ఎలా కదలాలో కంప్యూటర్లో ఫైల్ తయారు చేస్తారు."

"ఆ ఫైల్ మారిస్తే?"

చీఫ్ రెండు గ్లాసుల్నీ చెరోవైపుకీ లాగాడు. స్కేలు కిందపడింది. "రేపు ప్రయోగం. విదేశీ ముఠా మనిషి ల్యాబ్‌లో ఉంటాడు. ఎవరో తెలీదు. ప్రయోగం ఆపితే దొరకడు. ఇంకో దారి వెతుక్కుంటాడు."

"మరి కింద నిలబడే ఆ పిచ్చోడెవరు సార్?"

"వంతెన డిజైనర్. తను గీసిన వంతెనని పరీక్షించేటప్పుడు తనే దాని కింద నిలబడతాడు. మొదట్నుంచీ ఆయనకి అదే పద్ధతి." చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "పిచ్చోడని నేననలేదు. మీ మామగారు."

ఉడత కిందపడ్డ స్కేలు తీసి బల్ల మీద పెట్టాడు. ముందే చెప్పి తప్పిస్తే? లాభం లేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషి ఆయన. ప్రమాదమని తెలిస్తే సరిగ్గా నడిమధ్యకి వచ్చి నిలబడతాడు.

"ల్యాబ్ లోపల మేడమ్ అనే ఇంజినీరు ఉంటుంది," అన్నాడు చీఫ్. " ఫైల్ తయారు చేసింది ఆమే. మన దగ్గరా జీతం తీసుకుంటోంది, ముఠా దగ్గరా తీసుకుంటోంది."

"ఇంతకీ ఎవరి మనిషి?"

"అదీ రేపే తెలుస్తుంది."

మర్నాడు ఉడత పెట్టుడు మీసంతో, నూనె మరకల బట్టల్లో, టేబుళ్లను కదిపే పంపుల మెకానిక్‌గా ల్యాబ్‌లో అడుగుపెట్టాడు. ఇనుప మెట్ల మీద హైహీల్స్ టకటకలాడించుకుంటూ ఆకుపచ్చ సిల్కు స్కార్ఫ్‌లో మేడమ్ దిగివచ్చింది.

"ఇక్కడ మంచి దర్జీ ఎవరున్నారండీ?" అన్నాడు ఉడత, స్పానర్ తిప్పుతూ.

"ఉన్నాడు గానీ కొలతలు ఎప్పుడూ తప్పే." కోడ్ సరిపోయింది. ఆమె అతనివైపు చూడకుండానే అంది, "నేనిచ్చిన ఫైల్ సరైనదే. మార్చేది ఎవరో నాకూ చెప్పలేదు."

నమ్మాలో వద్దో తెలియలేదు. ఉడత రూపాయి బిళ్లంత సెన్సర్లను రెండో టేబుల్‌కొకటి, మూడో టేబుల్‌కొకటి అంటించాడు. వాటి కదలిక వాచీలో రెండు గీతలుగా పడుతుంది, రికార్డవుతుంది. రిహార్సల్లో టేబుళ్లను మెల్లగా ఊపారు. రెండు గీతలూ అన్నదమ్ముల్లా నడిచాయి. పూర్తిగా ఒకేలా లేవు, అలాగని వేరుగానూ లేవు. పక్కపక్క స్తంభాలు అలాగే కదలాలి.

తర్వాత విరామం ఇచ్చారు. కంట్రోల్ రూమ్‌లోకి అతిథులు వచ్చారు, వెళ్లారు. వాళ్లలో ఒక పొడుగాటి విదేశీ అబ్జర్వర్ మాత్రం అక్కడే ఉండిపోయాడు.

మామగారు హెల్మెట్ పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని వచ్చారు. "ఏమయ్యా, ఆ పైపు కారుతోంది, చూసుకో," అని అల్లుణ్ణి గదిమి, వెళ్లి రెండో, మూడో స్తంభాల మధ్యనున్న నడిమి పలక కింద నిలబడ్డారు. ఆయన గుర్తుపట్టనందుకు ఉడతకి కాస్త గర్వంగానూ, కాస్త చిన్నతనంగానూ అనిపించింది.

సైరన్ మోగింది. పంపులు ఊపందుకున్నాయి. ఉడత వాచీ చూసుకున్నాడు.

రెండో గీత పైకి లేస్తోంది. మూడోది కిందికి దిగుతోంది. ఆస్తి తగాదా పడ్డ దాయాదుల్లా రెండూ చెరో దిక్కుకీ పోతున్నాయి. ఊపు ఊపుకీ ఎడం పెరుగుతోంది.

తలెత్తి చూశాడు. కంట్రోల్ రూమ్ అద్దాల వెనక అబ్జర్వర్ ఎర్ర బటన్ చూపిస్తూ ఆపమని అరుస్తున్నాడు. ఆపరేటర్ చెయ్యి చాచాడు. మేడమ్ రెండు చేతులతో ఆ బటన్‌ని మూసేసింది.

అమ్ముడుపోయిందన్నమాట, అనుకున్నాడు ఉడత. మెట్లెక్కే వ్యవధి లేదు. పలక కిందికి పరిగెత్తాడు.

"మామయ్యగారూ, బయటికి రండి. పడిపోతోంది."

"నా వంతెన పడదు. ఎవడివయ్యా నువ్వు?"

చెయ్యి పట్టి లాగాడు. ఆయన పక్కనున్న ఇనుప కడ్డీకి మోచెయ్యి మెలేసి కదల్లేదు. పైన పలక అంచు కిర్రుమంటూ ఒరుసుకుంది. ఉడతకి నిజంగా భయమేసింది. మీ నాన్న నా కళ్లెదుటే పోయారని భార్యతో ఎలా చెప్పాలి? ఈయనకి తన ప్రాణం మీద తీపి లేదు. మరి దేనిమీద ఉంది?

"రెండో స్తంభం అవతలి పక్క పగులు కనిపిస్తోందండీ," అన్నాడు.

"పగులా? నా స్తంభానికా?"

పెద్దాయన టార్చి తీసి ఒక్క ఉరుకు ఉరికారు. ఉడత వెంట దూకాడు. వాళ్లు స్తంభం దాటారో లేదో, వెనక పలక జారి నేలమీద పడింది. ల్యాబంతా సిమెంటు దుమ్ము కమ్మేసింది.

టేబుళ్లు ఆగాక మేడమ్ స్కార్ఫ్ ముక్కుకి అడ్డం పెట్టుకుని దిగివచ్చింది. "అంత ఊపులో బటన్ నొక్కితే టేబుళ్లు ఒక్క కుదుపుతో ఆగుతాయి. పలక అప్పుడే పడేది. అది తెలిసే ఆ అబ్జర్వర్ నొక్కమన్నాడు. మీకు కావలసినవాడు అతనే."

గేటు దగ్గర అబ్జర్వర్ని చీఫ్ మనుషులు పట్టుకున్నారు. విరామంలో అతను మార్చిపెట్టిన దొంగ ఫైల్ ఉన్న పెన్‌డ్రైవ్ జేబులోనే దొరికింది. ఇక వాచీలో ఉన్న రిహార్సల్ రికార్డూ, ప్రయోగం రికార్డూ చాలు, తప్పు వంతెనది కాదని చెప్పడానికి.

మామగారు మాత్రం ఇంకా మోకాళ్ల మీదే ఉన్నారు. టార్చి వేసి, స్తంభం చుట్టూ వేలితో తడుముతున్నారు.

"పగులేదయ్యా?"

"లేదండీ. అబద్ధం చెప్పాను."

ఆయన లేచి, తను నిలబడిన చోట ముక్కలైన పలకను చాలాసేపు చూశారు. తర్వాత ఉడతవైపు తిరిగారు. చెమటకి అతని పెట్టుడు మీసం సగం ఊడి వేలాడుతోంది. బొటనవేలితో దాన్ని మళ్లీ అదిమి అంటించారు.

"నువ్విక్కడికి రాలేదు. సరేనా అల్లుడూ?"

"సరేనండీ."

"నేనూ నా వంతెన కింద నుంచి పరిగెత్తలేదు."