ఒజ్జ మరచిన శిష్యురాలు

అంగారకుడి మీద అరుణగిరిలో తలుపు తోస్తే తెరుచుకోదు. ముందు మీరెవరో అడుగుతుంది. ఊళ్లో అందరి పేర్లూ, ఎవరి గదికి ఎంత గాలి, ఎవరి కుండీకి ఎంత నీరు, అన్నీ ఒకే డేటాబేస్ సర్వర్‌లో పట్టికలుగా ఉంటాయి. జనం దాన్ని ముద్దుగా కొట్టు అంటారు. ఆ కొట్టు ఒక్క పూట మొరాయిస్తే ఊరికి ఊపిరాడదు. మాటవరసకు కాదు, నిజంగానే.

కొట్టును చూసుకునే అడ్మినిస్ట్రేటర్లను తయారుచేసేది ఒజ్జ. ఊళ్లో పెద్ద అడ్మినిస్ట్రేటర్ పైడిరాజు గారు ఎప్పుడో కనిపెట్టిన బోధనాయంత్రం అది. తక్కిన యంత్రాలు మన తప్పులు చడీచప్పుడూ లేకుండా దిద్దేస్తాయి. ఒజ్జ దిద్దదు, నేర్పుతుంది. నేర్చుకున్నవాళ్ల అలకలూ, అల్లర్లూ, పొరపాట్లూ గుర్తుపెట్టుకుంటుంది. ఆ జ్ఞాపకాలు కూడా కొట్టులోనే ఒక పట్టిక. యంత్రాన్ని పట్టుకుని ఊరంతా ఆయన, ఆయన అంటారు. రెండు రోజులు ఆయన దగ్గర కూర్చుంటే మీరూ అంటారు.

ఆ రోజుతో వకుళ శిక్షణ ముగిసింది. వచ్చిన కొత్తలో ఆమెకు ఓనమాలు కూడా రావు. "అన్నింటికీ సూచికలు కట్టకమ్మా, వెతకడం తేలికవుతుంది గానీ రాయడం నత్తనడకవుతుంది" అని ఎన్నిసార్లు చెప్పినా ఒజ్జ విసుక్కోలేదు. "ఎవరికైనా పనికి సరిపడా అధికారమే ఇవ్వు." "చెరిపేముందు అదే షరతుతో ఒకసారి చదివి చూసుకో. లావాదేవీ తెరిచి చెరుపు, తప్పయితే వెనక్కి తీసుకోవచ్చు. లెక్క సరిపోతేనే ఖాయం చెయ్యి." భూమి మీద ఆమె తండ్రి పోయారని కబురొచ్చిన వారం మాత్రం పాఠాలు కట్టిపెట్టి, నాన్న గురించి ఆమె చెప్పిందల్లా విన్నది. అది తలుచుకుంటే వకుళకు ఇప్పటికీ గుండె నిండిపోతుంది.

శిక్షణ ముగిసినవాళ్లు తమ కుండీలో కాసిన తొలి కాయను ఒజ్జ కెమెరా ముందు పెట్టడం ఆ ఊరి ఆనవాయితీ. ఆయన తినేదేమీ లేదు. పెట్టినవాళ్లే తినాలి. వకుళ టమాటా నిన్ననే ఎర్రబడింది.

దాన్ని తేవడానికి వెళ్లేముందు, సాధన కోసం ఒజ్జ జ్ఞాపకాల పట్టికలో రాసిన తన పిచ్చి వరుసలు చెరిపేద్దామనుకుంది. ఆజ్ఞ రెండు పంక్తులు. చెరపమనడం మొదటి పంక్తిలో, ఏవి చెరపాలో చెప్పే షరతు రెండోదానిలో. తొందరలో మొదటి పంక్తిని మాత్రమే ఎంచి నడిపేసింది. లావాదేవీ తెరవలేదు.

"ఒజ్జగారూ?"

పలుకు లేదు. షరతు లేకపోవడంతో పట్టిక మొత్తం ఖాళీ.

వకుళ దాచిన నకళ్ల జాబితా తెరిచింది. బ్యాకప్ ఉందిగా అనుకుని ఎక్కించబోయింది. ఎక్కలేదు. ముందురోజుదీ ఎక్కలేదు. ఆమె వచ్చాక తీసినవన్నీ పాడైన డిస్కులోనే పడ్డాయి, జరిగిన మార్పులు రాసుకునే లాగ్ ఫైళ్లతో సహా. రోజూ బ్యాకప్ అయిందనే పచ్చ గుర్తు చూసి సరేననుకుంది. "ఒకసారి తిరిగి ఎక్కించి చూడమ్మా" అని ఒజ్జ అన్నప్పుడల్లా "రేపు చూస్తానండీ" అంది.

పైడిరాజు గారిని పిలిచింది. జరిగింది జరిగినట్టు చెప్పింది.

"మంచి నకలు ఒక్కటీ లేదా?" అన్నారాయన.

"ఒకటుందండి. నేను రాకముందున్న శిష్యుడు ఎక్కించి చూసి దాచింది. అందులో నేనుండను." ఆమె ఖాళీ పట్టిక కేసి చూసింది. "ఇదే ఆజ్ఞ గాలి పట్టిక మీద పడుంటే ఏమయ్యేదండీ?"

"పడదమ్మా. ఆ పట్టికలూ వాటి నకళ్లూ నా చేతిలో ఉంటాయి. నేర్చుకునేవాళ్ల ఖాతాకి చెరిపే అధికారం ఆయన జ్ఞాపకాల మీదే ఇచ్చాం. ఆయనే అడిగి పెట్టించుకున్నారు. కొత్త చెయ్యి ఎక్కడో ఓ దగ్గర జారకపోదు, అదేదో నా మీదే జారనీ అన్నారు."

వకుళ ఆ పాత నకలు వెతికి తీసింది.

"మొదట్లో ఉత్తుత్తి పట్టికలిచ్చేవాళ్లం. అంకెలు పోతే ఎవడికీ ఏటీ అనిపించలేదు. మన్ని ఎరిగిన మనిషి పోతేనే భయం తెలుస్తాది. నా చెయ్యీ ఓసారి ఇలాగే జారింది, నన్నూ మర్చిపోయారమ్మా ఆయన, కనిపెట్టినవాణ్ణి నేను. అప్పట్నుంచి బ్యాకప్ ఎక్కించి చూడకుండా అన్నం ముట్టలేదు. ఎక్కించు మరి."

ఈసారి వకుళ తొందరపడలేదు. నకలును ముందు వేరే చోట ఎక్కించి, వరుసలు సరిచూసి, లావాదేవీ తెరిచి, అప్పుడు ఖాయం చేసింది. ఆ తర్వాత వెళ్లి టమాటా కోసుకొచ్చి కెమెరా ముందు పెట్టింది.

కెమెరా దీపం వెలిగింది.

"నమస్కారమమ్మా. కొత్తగా వచ్చావా? పేరేమిటి?"

"వకుళ అండీ." కళ్లు తుడుచుకుంది. "మీరు నాకు చేసిన మేలు ఈ జన్మకి మర్చిపోలేను."

"అదేమిటి తల్లీ," అంది ఒజ్జ ఆశ్చర్యంగా, "నేనింకా నీకేమీ నేర్పలేదు కదా."