రొయ్యల గుంట మీద ఐడబ్ల్యూడీ

“ఏమండోయ్ మేడం, ఆడే ఆగండి! కాళ్లు ముంచి రండి!” కేక పెట్టాడు సుశీల్ కుమార్.

తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోతే సుశీల్ వాళ్ల రొయ్యల గుంటలు వస్తాయి. అక్కడి గాలి ఎంతటిదంటే, గట్టు మీద ఎగిరిన తువ్వాలును నెల్లూరు బస్టాండులో వెతుక్కోవాలి. ఆ గాలికి జడ పట్టుకుని నిలబడ్డ అమ్మాయి, గేటు దగ్గరున్న మందునీళ్ల తొట్టిని చూపించింది.

“ముంచే వచ్చినాను. మీరే తొట్టి దూకి వచ్చినారు. చూస్తానే ఉన్నా.”

రొయ్యలకు జబ్బు అంటకుండా ఆ నియమం పెట్టింది సుశీలే. వెనక్కి పోయి కాళ్లు ముంచుకొచ్చాడు. కాళ్లే మునిగాయనుకున్నాడు పాపం, మనిషంతా మునిగాడు.

ఆమె పేరు నవోమి. నీళ్లు పరీక్ష చేసే ల్యాబు నుంచి వచ్చింది. గుంటలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే మీటరు బిగించి, షెడ్డులో లినక్సు నడిచే చిన్న కంప్యూటరు పెట్టింది. మీటరు కంప్యూటరుకు చెబుతుంది. కంప్యూటరు ఇంటి వైఫై పట్టుకుని సుశీల్ ఫోనుకు చెబుతుంది. ఆక్సిజన్ పడిపోయిన కబురు ఆలస్యమైతే రొయ్యలు దక్కవు.

చిక్కల్లా కరెంటుతోనే. అది పోయి వచ్చినప్పుడల్లా, కంప్యూటరును వైఫైకి కలిపే పాత ప్రోగ్రాము డబ్ల్యూపీఏ సప్లికెంటు, అలకపాన్పు మీది అల్లుడిలా బతిమాలించుకుని గానీ లేచేది కాదు.

“ఈ తిప్పలు నా వల్ల కాదబ్బయా,” అన్నాడు తండ్రి జీవానందం. “శనివారం లోపల సరిగ్గా పలక్కపోతే పీకి ఆ పాపకి ఇచ్చేయ్.”

పీకేస్తే నవోమి ఇక ఈ గట్టెక్కదు. గుంట నీళ్లను చిలికే ఏరియేటరు సుశీల్ గుండెల్లో తిరిగింది. వెంటనే ఆమెకు ఫోన్ చేశాడు.

“ఐడబ్ల్యూడీకి మారండి,” అంది నవోమి తేలిగ్గా. “అదే పని చేసే కొత్త ప్రోగ్రాము. చిన్నది, చురుకైంది. ఒకసారి పాస్‌వర్డు చెబితే గుర్తుపెట్టుకుని, సిగ్నల్ కనపడంగానే తనే పోయి కలుస్తుంది. నేనొచ్చి పెడతాలెండి.”

“మీకెందుకు శ్రమ? నేను పెడతాగా!”

పెట్టాడు కూడా. తీరా శనివారం ఆమె వచ్చేసరికి వైఫై అంటుకుంటోంది, ఊడుతోంది. మళ్లీ అంటుకుంటోంది, మళ్లీ ఊడుతోంది. జీవానందం చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

“మీ కొత్తది పాతదానికంటే ఘోరమండీ,” అనేశాడు సుశీల్, తండ్రి ముందు పరువు కోసం.

నవోమి ముక్కు ఎర్రబడింది. స్టూలు లాక్కుని కంప్యూటరు ముందు కూర్చుంది. ఆ వేళ్ల జోరుకు కీబోర్డు మీది అక్షరాలే పక్కకు జరిగి దారి ఇచ్చాయంటే సుశీల్ నమ్మేవాడు. కోపంలో కూడా ఇంత చక్కగా పనిచేసే మనిషిని అతను చూసి ఎరగడు.

ఉన్నట్టుండి వేళ్లు ఆగాయి.

“పాతదాన్ని ఆపలేదేందండీ?”

“ఎందుకాపాలి? స్టాండ్‌బైకి ఉంచినా. మా దగ్గర అన్నిటికీ స్టాండ్‌బై ఉంటుంది. జనరేటరుకి జనరేటరు, మోటారుకి మోటారు.”

నవోమికి నవ్వాగలేదు. “అయ్యో దేవుడా! ఉండేది ఒక్క వైఫై కార్డు. రెండూ నాదంటే నాదని గుంజుకుంటా ఉన్నాయి. పాపం కొత్తదాని తప్పేముంది?”

పాతదాన్ని ఆపేసి, మళ్లీ తనంతట తాను లేవకుండా చేసింది. “ఇప్పుడు మెయిన్ స్విచ్చి దించి ఎత్తండి.”

దించి ఎత్తాడు. కంప్యూటరు కళ్లు తెరిచిందో లేదో, జీవానందం “స్తోత్రం” అనబోయి సగంలో ఉండగానే సుశీల్ ఫోన్ మోగింది. ఆక్సిజన్ ఐదు పాయింటు రెండు. మూడుసార్లు దించినా మూడుసార్లూ అంతే.

“గట్టి పిల్లే!” అన్నాడు జీవానందం. ఆ ఊపులోనే కొడుకు వైపు తిరిగాడు. “అబ్బయా, ఆ మనుబోలు సంబంధం కూడా స్టాండ్‌బైకేనా? రెండు నెలల్నించి అవుననవు, కాదనవు. పొద్దున మళ్లీ ఫోన్ చేసినారు.”

నవోమి సంచి సర్దుకోసాగింది. అందులో సర్దడానికేమీ లేదు.

సుశీల్ ఫోన్ తీసి మేనత్త ఎలిశబెతుకు కలిపాడు.

“అత్తా, మనుబోలు వాళ్లకి వద్దని చెప్పేయ్. ఈ పొద్దే.”

“అంటే ఇంకో పిల్ల ఒప్పుకునిందా?” ఎలిశబెతు గొంతుకు స్పీకరు అక్కర్లేదు, బోగోలు దాకా వినిపిస్తుంది.

“ఇంకా అడగలేదత్తా.”

“పిచ్చోడా! అడగకుండానే చేతిలో ఉండే సంబంధాన్ని...”

ఫోన్ పెట్టేశాడు. రేకుల మీద చినుకులు మొదలయ్యాయి.

“నేను కాదంటే?” అంది నవోమి, తలెత్తకుండా.

“కాదంటే లేదంతే.”

“ఇందాక నా కొత్తది ఘోరమన్నారే?”

“ఘోరం నేనే. నాన్న ముందర కూడా చెబుతా.”

“చెప్పినావులేరా, ఈడనే ఉండా,” అన్నాడు జీవానందం.

నవోమి వాన వైపు చూస్తూ నవ్వు దాచుకోబోయింది. ఆ నవ్వు చెంపల దాకా వచ్చేసింది.

“రేపు ఆరాధన అయినాక మా అమ్మ ఇంట్లోనే ఉంటుంది. పెద్దోళ్లతో కలిసి రండి.”

సుశీల్ తల ఊపుతూనే ఉన్నాడు. అందుకని జీవానందమే అడిగాడు:

“ఎన్ని గంటలకమ్మా?”